చేపకి రెండో వైపు

"ఓడ మీద ఉన్నామమ్మా, చేపని తిప్పేవు సుమా!" అంది అత్తగారు, హుయిలియన్ చెంచా ఎత్తకముందే.

పళ్ళెంలో చేపని తిరగేస్తే పడవ తిరగబడుతుందని ఆవిడ నమ్మకం. హుయిలియన్ పుట్టిన జాలరివాడలోనూ అదే నమ్మకం కనుక ఎదురు చెప్పడానికేమీ లేదు. పైకండ తీసి అత్తగారికీ, భర్త తెక్ సెంగ్‌కీ వడ్డించాలి. నడిముల్లు విరగకుండా ఎత్తి, కిందికండ మళ్ళీ వాళ్ళిద్దరికే పెట్టాలి. తోకా, చల్లారిన పులుసూ తనకి. సింగపూర్లో కాపురానికొచ్చిన నాటినుంచీ ఇదే వరస. "విహారానికి ఓడెక్కితే నీకు వంట తప్పుతుంది, మహారాణిలా ఉండొచ్చు" అని ఊరించాడు భర్త. వంట ఒక్కటే తప్పింది. మిగతా చాకిరీ అంతా టిక్కెట్టు కొనుక్కుని మరీ వెంట వచ్చింది.

"రేపు నువ్వు అమ్మ దగ్గరుండు. మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. నేను మావాళ్ళతో ఊళ్ళోకెళ్ళొస్తా" అన్నాడతను, నోట్లో ముద్దతోనే.

రేపు ఓడ ఆగేది చైనాలోని షియామెన్‌లో. అది ఆమె పుట్టిన ఊరు. తల్లి పోతే పెంచిన పెద్దమ్మ ఉన్న ఊరు.

"పెద్దమ్మ ఎదురుచూస్తూంటుంది."

"ఫోన్లో చూస్తూనే ఉన్నావుగా!"

ఇరవై రెండేళ్ళుగా ఫోన్లోనే చూస్తోంది. ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. "డబ్బు చూసి వచ్చిన చైనా పిల్ల" అని చుట్టాలు ఎత్తిపొడిస్తే పక్కనే కూర్చుని నవ్వేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెద్దమ్మకి ఎనభై దాటాయి. ఇంకో వచ్చే ఏడు ఆవిడకి ఉంటుందో లేదో!

తెల్లారాక తెక్ సెంగ్ ఫలహారానికి వెళ్ళగానే, అత్తగారి మోకాళ్ళకి మందు రాసింది. గంజి మంచం పక్కన పెట్టింది. "సాయంత్రానికి వచ్చేస్తా అత్తయ్యా" అని, జవాబు కోసం ఆగకుండా ఓడ దిగింది.

పెద్దమ్మ ఆమె ముఖాన్ని రెండు చేతులతో తడిమి, "చిక్కిపోయావే!" అని తిట్టి, ఆవిరి మీద ఉడికిన చేపని అల్లం వాసనతో సహా ఎదురుగా పెట్టింది. అప్పుడే ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావ్? అమ్మ నన్ను ఊళ్ళోంచి వెనక్కి పిలిపించింది! ఐదింటికి మెట్లు తీసేస్తారు. నీకోసం ఓడ ఆపమని ఎవర్నీ బతిమాలను, గుర్తుంచుకో."

ఆమె లేవబోయింది. పెద్దమ్మ అంతా విన్నది. చేప తోక కింద చాప్‌స్టిక్‌లు దూర్చి ఒక్కసారిగా తిరగేసింది.

"పెద్దమ్మా! తిప్పావేంటి?"

"పులుసంతా పీల్చుకునేది ఈ వైపే. తిను."

"మరి పడవ..."

"కాపురం చేసినన్నాళ్ళూ ఒక్క చేపనీ తిప్పలేదే. అయినా మీ పెదనాన్న పడవ తిరగబడనే తిరగబడింది. ఆయన పోయాకే తెలిసింది నాకు, చేపకి ఈ వైపు ఇంత రుచని." మెత్తటి ముక్క తీసి హుయిలియన్ గిన్నెలో పెట్టింది.

పెళ్ళయ్యాక తన గిన్నెలో ఇంకొకరు ముక్క వెయ్యడం ఇదే మొదలు. దాన్ని ఆఖరి పోగుదాకా నెమ్మదిగా తింది.

తిరుగు బస్సు వంతెన మీద ఇరుక్కుపోయింది. ఫోను మోగుతూనే ఉంది. రేవు కనబడగానే దిగి, చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తింది. ఆమె ఎక్కాక మెట్లు తీసేశారు.

రాత్రి భోజనాల దగ్గర తెక్ సెంగ్ "ఎలా ఉంది మీ పెద్దమ్మ?" అని మాటవరసకైనా అడగలేదు. చేప వచ్చాక మాత్రం పళ్ళాన్ని ఆమె వైపు వేలితో నెట్టి, "కానీ" అన్నాడు.

హుయిలియన్ తోక కింద చాప్‌స్టిక్‌లు దూర్చి చేపని తిరగేసింది. పులుసు తెల్లటి గుడ్డ మీద చిందింది. అత్తగారు కెవ్వుమని బల్ల అంచు పట్టుకుంది. తెక్ సెంగ్ తన గిన్నెని గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

ఓడ దాని దారిన అది పోతూనే ఉంది.

ఆమె ఒక ముక్క తుంచి తన గిన్నెలో పెట్టుకుని, చెంచా వాళ్ళిద్దరి మధ్యకి జరిపింది.

"వడ్డించుకోండి" అంది.