ఒక్క పన్ను తేడా

బ్లీచింగ్ వాసన.

వీధంతా అదే వాసన. ప్రతి గుమ్మం నుంచీ నీళ్ళు... మెట్లు దిగి, కాలిబాట దాటి, ఒకదాని వెనక ఒకటి. రంజాన్ ముగిసే వేళ బాత్నా ఊళ్ళో ఆడవాళ్ళు ఇల్లు కడగరు. లోకాన్నే కడిగేస్తారు.

ఆ నీళ్ళ మధ్య, జాకీ మీద ఒంటికాలి తపస్సు చేస్తూ ఒక పాత ఫ్రెంచి కారు. బానెట్ తెరుచుకుని ఉంది.

దాని ముందు మెస్సౌద్. అతని నోరూ తెరుచుకునే ఉంది.

ఇప్పుడే లోపలి మూత విప్పాడు. బెల్టు కనిపించింది.

బెల్టా... అది?

వేలితో వంచితే చిట్లింది. పళ్ళ బెల్టు. కొన్ని పళ్ళు లేవు. కొన్ని ఊగుతున్నాయి. అచ్చం అమ్మ నోరే.

ఇన్నాళ్ళూ... దీని మీదా? బడికి, బజారుకి, ఆసుపత్రికి... ఈ రబ్బరు పీలిక మీదా?

పోయిన వారమే మెకానిక్ మూత సందులోంచి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇది తెగితే ఇంజను కూడా పోతుంది, పండగయ్యాక రండి అన్నాడు. షట్టరు దించాడు. సొంతూరు వెళ్ళిపోయాడు.

పండగయ్యాక కుదరదు.

పండగ రోజే వెళ్ళాలి. కొండ మీద, అరిస్‌లో, తర్కియా పిన్ని ఉంది. అమ్మ హద్దాకి ఒక్కగానొక్క చెల్లెలు. పన్నెండేళ్ళుగా మాటల్లేవు. అంతా ఒక గిన్నె వల్ల. కుస్‌కుస్ రవ్వ ఉడికించే రాగి గిన్నె. పెళ్ళికని అక్క అరువు తెచ్చింది. తిరిగి ఇవ్వబోయేటప్పటికి సొట్ట.

సొట్ట నీ ఇంట్లో పడింది అంది చెల్లెలు. నీ ఇంటి నుంచే సొట్టతో వచ్చింది అంది అక్క.

ముందే ఉందా... తర్వాత పడిందా...

గిన్నె అక్క దగ్గరే ఉండిపోయింది. కోపం ఇద్దరి దగ్గరా ఉండిపోయింది.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. పండగ నాడు వస్తే తలుపు తీస్తాను. తర్వాత తియ్యను. అంతే. పెట్టేసింది.

పండగ నాడు బస్సులుండవు.

అందుకే ఈ లెక్కల మాస్టారు, జీవితంలో తొలిసారి, పానా పట్టాడు. కొత్త బెల్టు కొన్నాడు. ఫోనులో వీడియో చూశాడు. ఉపవాసం, ఎండ, సిగరెట్ లేదు. బెల్టుని లాగి పట్టే చిన్న చక్రం ఒకటుంది. టెన్షనర్ అంటారట. టెన్షన్ ఎవరికో వీడియోలో చెప్పలేదు.

ఎదురు బాల్కనీలోంచి హాజ్ బెల్‌గాసెమ్ వంగి చూశాడు.

"ఏం మాస్టారూ, పొట్ట కోశావు సరే... కుట్టడం వచ్చా?"

"వచ్చు హాజీ గారూ. ముందు మీ నోరు కుట్టి అలవాటు చేసుకుంటాను."

"నా నోరు ఉపవాసంలో ఉందయ్యా!"

"తిండికేగా... మాటలకి లేదుగా!"

వీధి నవ్వింది. కారు నవ్వలేదు.

పై చక్రం. కింది చక్రం. బెల్టు తీసేముందు రెండూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే ఇంజను గాడి తప్పుతుంది. బాగా తప్పితే లోపల ఇనుమూ ఇనుమూ గుద్దుకుంటాయి. మెస్సౌద్ జేబులో చెయ్యి పెట్టాడు. సుద్దముక్క తగిలింది. మాస్టారి జేబు మరి. పైన ఒక గీత. కింద ఒక గీత. జీవితమంతా పిల్లలకి మార్కులు వేసినవాడు, మొదటిసారి ఇంజనుకి వేశాడు.

పాత బెల్టు ఊడదీశాడు.

సాయంత్రపు అసర్ నమాజుకి పిలుపు వినిపించింది. చేతులు కడుక్కుని మసీదుకి వెళ్ళాడు.

వచ్చాడు.

బ్లీచింగ్ వాసన.

ఈసారి... ఇంజనులోంచి.

ఇంజను మెరుస్తోంది. పై చక్రం మెరుస్తోంది. కింది చక్రం మెరుస్తోంది. ఎక్కడా గీత లేదు. బోర్డు తుడిచినట్టు... బడి వదిలేసినట్టు...

పక్కన అమ్మ. చేతిలో గిన్నెలు తోమే పీచు. ముఖంలో వెలుగు.

"చూశావురా? ఎంత మట్టి! మా చెల్లెలింటికి ఇంత మురికి కారులో వెళ్తానా?"

మెస్సౌద్‌కి ఎండిన నాలుక అంగిలికి అంటుకుపోయింది. బాల్కనీలో హాజీ కూడా నోరు మూసుకున్నాడు.

"యమ్మా... చక్రాన్ని ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుండా తోమడం ఎలారా?"

"కదిలిందా?"

"కదిలిందో ఏమో. నా చెయ్యే వణుకుతుంది. నాకేం తెలుస్తుంది?"

ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది. పీచులోంచి నల్లటి నీళ్ళు... చుక్క... చుక్క...

అరవాలనుకున్నాడు. అరవలేకపోయాడు. పొడిగుడ్డ తీసుకుని నీళ్ళు అద్దడం మొదలుపెట్టాడు. పై చక్రం అద్దాడు. కింది చక్రం అద్దాడు.

ఆగాడు.

గాటు.

పై చక్రం అంచున ఒక సన్నటి గాటు. దాని వెనక ఇనుములో ఇంకో గాటు. కింద కూడా. కారు పుట్టిన రోజున పెట్టిన గుర్తులు. ఇన్నేళ్ళ జిడ్డు కింద పూడి ఉన్నాయి. అమ్మ పీచు తవ్వి తీసింది.

కింద గాటుకి గాటు సరిగ్గా కుదిరింది.

పైన... కుదరలేదు.

ఒక్క పన్ను తేడా.

ముందే ఉందా... తర్వాత పడిందా...

ఎవరో మెకానిక్ ఎప్పుడో తప్పు బిగించాడా? ఈ బండి కొండెక్కలేక ఏడ్చేది అందుకేనా? లేక ఇప్పుడే, ఈ వణికే చెయ్యి...

మెస్సౌద్ అమ్మ వైపు చూశాడు. అమ్మ తన చేతి వైపు చూసుకుంటోంది. చేతిని కొంగులో దాచుకుంది.

"నేను పాడు చేశానేంట్రా?"

జవాబు అతనికీ తెలియదు.

పై చక్రాన్ని మెల్లగా... ఒక్క పన్ను... గాటు దగ్గరికి తెచ్చాడు. కొత్త బెల్టు వేశాడు. బిగించాడు. పానాతో ఇంజనుని చేత్తోనే తిప్పాడు. ఒక చుట్టు. ఊపిరి బిగబట్టి ఇంకో చుట్టు. ఎక్కడా తగల్లేదు. గాట్లు మళ్ళీ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. మూత బిగించి, జాకీ దించాడు.

సూర్యుడు దిగాడు. మసీదు నుంచి పిలుపు. ఒక ఖర్జూరం, ఒక గుక్క పాలు. నెలవంక కనిపించిందో లేదో ఇంకా ఎవరూ చెప్పలేదు. పండగ రేపో ఎల్లుండో.

అమ్మ మాత్రం అప్పుడే ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో రాగి గిన్నె. దాన్ని కూడా తోమింది. సొట్ట మెరుస్తోంది.

మెస్సౌద్ తాళం చెవి తిప్పాడు.

కళ్ళు మూసుకున్నాడు.

"ఏరా..." అంది అమ్మ, కాసేపటికి. "ఇంకా స్టార్టు అవలేదా?"

మెస్సౌద్ కళ్ళు తెరిచాడు. అద్దం సన్నగా వణుకుతోంది. గిన్నె మీద మూత సన్నగా మోగుతోంది. ఇంజను నడుస్తోంది. ఏడవకుండా... దగ్గకుండా... ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినని నెమ్మదితో.

"అయింది యమ్మా. ఎప్పుడో అయింది." అమ్మ చేతి వైపు చూశాడు. "నీ చెయ్యి కాదు. తప్పు ముందు నుంచే ఉంది."

అమ్మ ఒళ్ళో గిన్నెని మెల్లగా తిప్పింది. సొట్ట ఉన్న వైపు, ఎవరికీ కనబడకుండా, తన పొట్టకి ఆనించుకుంది.

వీధిలో నీళ్ళు ఇంకా పారుతున్నాయి. వేడెక్కుతున్న ఇంజను మీంచి సన్నటి ఆవిరి లేచింది...

బ్లీచింగ్ వాసన.