ఉమాదేవి చేతి వణుకు

ధర్మవరంలో ఆ వీధిలో ఉమాదేవి నేసిన చీర అంటే తప్పుందేమోనని ఎవరూ తిరగేసి చూసేవారు కాదు. అటువంటి చేతికి నాలుగు నెలలుగా వణుకు పట్టింది. మనిషి చిక్కిపోయింది. కనుగుడ్లు ఉబికి వచ్చాయి. చలికాలంలోనూ చెమటలు, అయినదానికీ కానిదానికీ కోపం.

అత్త చౌడక్కకు మాత్రం సందేహమే కలగలేదు. నేతవారి కులదేవత చౌడేశ్వరి కోడలి మీదికి వచ్చిందని వీధంతా చాటింది. మంగళవారాలు టెంకాయలతో జనం రాసాగారు. చివరకు భర్త గంగప్ప కూడా తల ఊపాడు. వచ్చే మంగళవారం మగ్గం విప్పి, దాని కింద కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి, అక్కడ అమ్మవారి పీట వేయాలి.

ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని ఇరవై రెండేళ్లు నేసింది ఉమాదేవి. పూడుస్తారనగానే ఆమెకు ఒక అనుమానం వచ్చింది. మంగళవారమే వచ్చే అమ్మవారైతే, బుధవారం తెగిన పోగు అతికేటప్పుడు కూడా ఈ చేయి ఎందుకు వణుకుతోంది?

ఆదివారం రైలెక్కి పెనుకొండలో దిగింది. మేనమామ చంద్రమోహన్ అక్కడి బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూశాడు.

"నూట ఇరవై! కూర్చోనుంటేనే ఇట్ల కొట్టుకుంటాండాదే!"

"అమ్మవారంటాండారు మామా."

"అమ్మవారి సంగతి నాకు తెలీదమ్మా. మెడ సంగతి రవ్వంత తెలుసు. ఈ నీళ్లు మింగు."

ఆమె మింగింది. గొంతు దగ్గరి వాపు పైకి కదిలి దిగింది.

"థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తాండాదేమో. అదే అయితే గుండె, నిద్ర, కోపం అన్నీ దాని చెప్పుచేతల్లోకి పోతాయి. రక్తం చూపిస్తే తేలిపోతాది."

"అయితే నా కోపం నాది కాదా మామా?"

"సగం దానిది. తక్కిన సగం మీ అత్తది."

నాలుగు నెలల్లో మొదటిసారి ఉమాదేవి పకపకా నవ్వింది.

మరునాడు హిందూపురంలో రక్తపరీక్ష మామ అనుమానాన్నే ఖాయం చేసింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, ఆరు వారాల్లో వణుకు బాగా తగ్గుతుందని చెప్పింది.

మంగళవారం పొద్దున గంగప్ప పారతో వచ్చేసరికి ఉమాదేవి గుంటలో నిలబడి ఉంది.

"ఇది థైరాయిడంట, డాక్టరమ్మ మాత్రలిచ్చింది. ఆరు వారాలాగు. అప్పటికీ నా చేయి నిలవకపోతే నువ్వే పూడ్చు, నేను మన్ను అందిస్తా."

"నలుగురూ ఏమనుకుంటారే? అందరి టెంకాయలూ తీసుకుంటిమి కదా!" అని చౌడక్క లబలబలాడింది.

"పచ్చడి నూరుకుని తింటిమి కదత్తా, ఎప్పుడో అరిగిపాయ."

ఇంతలో వాకిట్లోంచి ఒకామె చేతులు జోడించింది. "తల్లీ, బెంగళూరు పోయిన మా ఆయప్ప ఎప్పుడొస్తాడు?"

"ఫోన్ చేసి అడుగక్కా. నాకు నేత తప్ప ఏమీ తెలీదు."

గంగప్ప నవ్వాపుకోలేక పారను గోడకు ఆనించాడు.