బోర్డు మీద రాసిన మాట

అనూరాధకు నల్లబల్ల మీద నమ్మకం ఎక్కువ. చివరికి ఆ నమ్మకమే కొంప ముంచింది.

బి.ఎడ్. చదివే రోజుల్లో ఆమె సబ్బవరం నుంచి బస్సెక్కి ద్వారకా నగర్‌లో దిగి, నెట్ సెంటర్లో కాసేపు కూర్చుని కాలేజీకి వెళ్ళేది. ఇంటర్నెట్ అప్పుడప్పుడే అందరి నోళ్ళలో నానుతున్న కాలం. తోటి విద్యార్థులు కనబడిన పేజీనల్లా ప్రింటు తీయించి, పైన తమ పేరు రాసుకుని, ప్రాజెక్టంటూ ఇచ్చేసేవారు. ఇదెవరు రాశారు, ఎప్పుడు రాశారు, వాళ్ళకెలా తెలుసు అని అడిగితే, "నెట్‌లో ఉంది కదే" అనేవారు, అక్కడికేదో వేదం దిగివచ్చినట్టు. ఆ మాట వింటే అనూరాధకు ఒళ్ళు మండేది. తాను టీచరయ్యాక ఇంకేం నేర్పినా నేర్పకపోయినా, "మీకెలా తెలుసు?" అని ఎదురడిగే పిల్లల్ని తయారుచేయాలి. ఒక్కరు తయారైనా చాలు. మంచి చదువంటే అదేనని ఆమె గట్టి ఉద్దేశం.

టీచింగ్ ప్రాక్టీసుకు ఆమెను చేపల రేవు దగ్గరి బడిలో ఎనిమిదో తరగతికి వేశారు. అధికారి వచ్చి చూసి మార్కులు వేసే పరీక్ష పాఠం రోజున ఏరికోరి ఒక నెట్ పేజీ పట్టుకెళ్ళింది. తెల్లకోటు వేసుకున్న మనిషి ఫోటో, రంగురంగుల అక్షరాలు. రాసినవాడి పేరు లేదు, ఊరు లేదు. అందులోని మాటను తెలుగు చేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డు మీద రాసింది: 'కామెర్లకు ఆసుపత్రి మందు విషం. ఆకు పసరు ఒక్కటే మందు.'

"ఇది నిజమేనా? ఎలా తెలుసుకుంటాం?" అని అడిగింది.

పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. బోర్డు మీద పడింది నోట్సులోకి ఎక్కాలి, నోట్సులోది నోటికి రావాలి. ఒకటో తరగతి నుంచి వాళ్ళకు నేర్పింది అదే. "రాసుకోకండర్రా, ఇది అబద్ధం" అని ఆమె గొంతు చించుకుంది. నోటిమాట పరీక్షలో రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అంతలో పరీక్షాధికారి శ్రీరామ్మూర్తి గారు వచ్చి, ముందు వరసలో ఉన్న సన్యాసమ్మను లేపి, ఏం నేర్చుకున్నావని అడిగారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, రాగం తీస్తూ రెండు వాక్యాలూ అప్పజెప్పింది.

"పిల్లలకు బాగా పట్టించావమ్మా," అని ఆయన మురిసిపోయారు.

"అది అబద్ధమండీ..."

"చూశాను. అక్షరాలు చాలా కుదురుగా ఉన్నాయి."

అందరికంటే ఎక్కువ మార్కులు అనూరాధకే వచ్చాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

నెల తిరక్కుండా, మరిచిపోయిన చార్టులు తెచ్చుకుందామని మళ్ళీ ఆ బడికి వెళ్ళింది. సన్యాసమ్మ కనిపించలేదు. వాళ్ళమ్మ గంగాలమ్మకు కామెర్లట. అనూరాధ అటునుంచటే వాళ్ళింటికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

గంగాలమ్మ చాప మీద పడి ఉంది. కళ్ళు పసుపు ముద్దలు. పలకరిస్తే తెలివి లేదు. తలాపున గిన్నెలో ఆకు పసరు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదా?"

"ఏటి టీచరమ్మా, అలగంతారు?" అన్నాడు గంగాలమ్మ భర్త దుర్గారావు. "ఆసుపత్రి మందు ఇసమని మీరే గదా బోర్డు మీద రాసినారు. మా పాప సదివి ఇనిపించింది. నాను ఆటో మాటాడీసి కూడా ఒగ్గీసినాను."

"అది అబద్ధమని చెప్పానయ్యా! సన్యాసమ్మా, చెప్పలేదూ?"

"సెప్పినారండి," అంది ఆ పిల్ల. "మరి బోర్డు మీద రాయనేదు గదండీ."

అనూరాధ చేతులు జోడించింది. పసరు మానేసి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని బతిమాలింది. దుర్గారావు ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీకెలగ తెలుసండి? ఎవులు సెప్పినారు మీకు? మీరేటి డాక్టరా?"

ఏ ప్రశ్న కోసం ఇన్నాళ్ళూ ఆమె కాచుకు కూర్చుందో ఆ ప్రశ్నే అది. రావలసిన చోట రాకుండా ఇక్కడికొచ్చి వాకిలికి అడ్డం నిలబడింది. ఆమె ఓపిగ్గా జవాబు చెప్పబోయింది. పూటకో మాట చెప్పేవాళ్ళతో తనకు పనేమిటన్నట్టు అతను మొహం తిప్పుకున్నాడు.

ఇక లాభం లేదనుకుంది. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసి, తలుపు చెక్క మీద గుండ్రంగా రాసింది: 'కామెర్లకు పసరు తాగితే ప్రాణం పోతుంది. ఆసుపత్రికి వెళ్ళాలి.' పసరుతో ప్రాణం పోతుందో లేదో ఆమెకూ తెలియదు. ఎక్కడా చదవలేదు, ఎవరినీ అడగలేదు. అయినా రాసి, కింద గీత కూడా గీసింది.

సన్యాసమ్మ పైకి చదివింది. మాట ఎందుకు మారిందని అడగలేదు. వింటూనే దుర్గారావు లేచాడు.

"ఈ ముక్క ముందే రాసీవలసింది గదమ్మా," అంటూ ఆటో కోసం పరుగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరు రెప్పలెత్తి చూసి, ఇన్నాళ్ళూ ఏం చేశారని కేకలేశాడు. సాయంత్రానికి గంగాలమ్మ పోయింది. దుర్గారావు వరండాలో గోడకు తల ఆనించుకుని నిలబడిపోయాడు. వెంట వచ్చిన పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తానేనని అనూరాధకు తెలుసు.

సన్యాసమ్మే దగ్గరకొచ్చింది. టీచరు మొహం చూసి, ఆమెను ఎలా సంతోషపెట్టాలో తనకు తెలిసిన ఒకే ఒక్క దారిని పట్టుకుంది.

"నోటికొచ్చీసిందండి," అంది.

చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, అదే రాగంతో మొదలుపెట్టింది. "కామెర్లకు పసరు తాగితే ప్రాణం పోతుంది..."

ఒక్క అక్షరం పొల్లు పోలేదు.