ఫ్యాన్ ఏసిన చెయ్యి

"జెర ఆ చప్పుడన్న ఆపు" అన్నడు మా ఆయన, చాయ్ గ్లాసు కింద పెట్టుకుంట. చప్పుడు చేస్తున్నది నేను కాదు, ఇన్వర్టర్. దాని లోపలి చిన్న ఫ్యాను గరగరమని కొట్టుకుంటున్నది. మా అత్తమ్మ పోశమ్మకు ఊపిరితిత్తులు పాడైనయి. ముక్కుకు పైపు పెట్టుకొని ఎప్పుడు ఆక్సిజన్ మిషన్ మీదనే ఉంటది. కరెంటు పోతే ఆ మిషన్‌ను నడిపేది ఈ ఇన్వర్టరే.

ఫ్యాను పోయేటట్టున్నది, మెకానిక్‌ను పిలువుమని చానాసార్లు చెప్పిన. "నడుస్తుంది గద, నడవనియ్యి. నీకు అన్నిటికి పరేషానే" అన్నడు. నిద్ర పడ్తలేదని దాన్ని ముందటి రూం నుంచి వంటింట్లకు జరిపిండు. నాకు కోపం గూడ రాలె. ఇంట్ల అందరికి అడ్డమైనవన్ని ఆఖరుకు వంటింట్లకే వస్తయి.

ఆదివారం పొద్దుగాల మా ఇంద్రేశంల కరెంటు పోయింది. జెరసేపటికే ఇన్వర్టర్ చెయ్యి పెట్టరానంత వేడెక్కి, కీచుమని అరిచి బంద్ అయింది. మిషన్ ఆగింది. అత్తమ్మ కండ్లు పెద్దగ చేసి నా చీర కొంగు పట్టుకున్నది. మూలకున్న చిన్న ఆక్సిజన్ సిలిండర్‌కు పైపు మార్చి, ఆమె వీపు రాసుకుంట ఫోన్ చేసిన. మా ఆయన ముత్తంగిల దోస్తు దావత్‌ల ఉన్నడు. "మెకానిక్‌కు చెప్త. నువ్వున్నవ్ గద" అన్నడు. సిలిండర్ అయిపోకముందే కరెంటొచ్చింది. మెకానిక్ రాలె.

నువ్వున్నవ్ గద. ఈ మాట పెండ్లయినప్పటి సంది వింటున్న. నేను పనిచేసే మందుల కంపెనీల, ప్యాకింగ్ లైన్‌కు నన్ను సూపర్‌వైజర్ చేస్తమన్నప్పుడు గూడ ఇదే మాట. అమ్మను చూస్కునేటందుకు నువ్వున్నవ్ గద, నీకు షిఫ్టులెందుకన్నడు. వద్దని చెప్పొచ్చిన. "ఆడోళ్లకు ఇంటి లొల్లి ఎప్పుడుండేదే" అని మేనేజర్ సారు నవ్విండు. నేను గూడ నవ్విన. ఎందుకు నవ్విన్నో ఇప్పటికి తెల్వదు.

సోమవారం సగం పూట సెలవు పెట్టి, ఫ్యాను మీది చీటీ ఫోటో తీస్కొని పటాన్‌చెరు పోయిన. "బిగించేదెవరమ్మా? సారును పంపు" అన్నడు దుకాణపాయన. "సారుకు టైం లేదు, ఇయ్యి" అన్న.

ఇంటికొచ్చి అత్తమ్మ మిషన్‌ను గోడ ప్లగ్గుకు మార్చిన. ఇన్వర్టర్‌ను ఆమె మంచం కాడికి జరిపి ప్లగ్గు పీకిన, బ్యాటరీ తీగలు ఇప్పిన, లోపల మిగిలిన కరెంటు దిగేదాక ఆగిన. అత్తమ్మ మంచం మీదికెళ్లే టార్చ్ పట్టింది. "ఏందే నీకీ పని? షాక్ కొట్టి సస్తే నా కొడుక్కు వండిపెట్టేదెవరు?" అన్నది. టార్చ్ మాత్రం కదలనియ్యలె.

లోపలంత దుమ్ము. కుంచెతోని దులిపి, పాత ఫ్యాను తీసి కొత్తది బిగించిన. తీగలు మళ్ల కలిపి నడిపి చూస్తే గాలి బయటికి రాకుండ లోపలికి పోతున్నది. తిరగేసి బిగించిన్నన్నట్టు. మళ్ల అన్ని ఇప్పి సక్కగ పెట్టిన. ఈసారి నా అరచేతికి వెచ్చటి గాలి తగిలింది. మిషన్‌ను మళ్ల ఇన్వర్టర్‌కు పెట్టి మెయిన్ బంద్ చేసి చూసిన, మిషన్ ఆగలె. అత్తమ్మ కండ్లు మూసుకున్నది.

సాయంత్రం పక్కింటి కిష్టప్ప వచ్చి, చప్పుడు పోయింది గద, మా ఇన్వర్టర్ గూడ గట్లనే కొట్టుకుంటున్నది, ఎవరు చేసిన్రని అడిగిండు. "ఇంకెవరు? మా ప్రభాకరే" అన్నది అత్తమ్మ. మా ఆయన కాదనలె. "అదేం పెద్ద పని? నీది గూడ తీస్కరా, చేసిస్త" అన్నడు. నేను చాయ్ ఇచ్చిన.

తెల్లారి నేను డ్యూటీకి ఎల్లుతుంటే కిష్టప్ప ఇన్వర్టర్ ఎత్తుకొని వచ్చిండు. మా ఆయన నన్ను వంటింట్లకు పిలిచి, "నువ్వు వచ్చినంక లోపల కూసొని చేసెయ్యి. నేను చేసిన్నని చెప్త" అన్నడు మెల్లగ.

నేను ముందటి రూంలకు వచ్చిన.

"కిష్టప్పన్నా, ఆ ఫ్యాను ఏసింది నేను. నీది గూడ ఏస్త, చేతి కూలి అయితది. ఆదివారం నీ ఇంటికే వచ్చి చేస్త."

"మజాక్ చేస్తుంది" అని మా ఆయన నవ్విండు. కిష్టప్ప అత్తమ్మ దిక్కు చూసిండు. అత్తమ్మ నా దిక్కు చూడలె. కాదని గూడ అనలె.

బస్సుల కూసున్నంక మేనేజర్ సారుకు ఫోన్ చేసిన. ఏ షిఫ్టయినా వస్త, సూపర్‌వైజర్ జాగ ఖాళీ అయితే నా పేరు రాసుకోమన్న.

"మరి ఇంట్ల?" అని అడిగిండు సారు.

"ఇంట్ల మా ఆయనున్నడు గద" అన్న.