దిగేటప్పటి చీర

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోగానే కృష్ణకుమారి మనసు బట్టల షాపుకి వెళ్ళి వచ్చేసింది. గల్ఫులో, అల్ ఘర్రాఫాలోని ఒక విల్లాలో వంటా, ఇస్త్రీ, పిల్లల పనీ ఆమెదే. అయ్యగారు తొడుక్కునే మడమల దాకా పొడుగుండే తెల్ల తోబులు, మేడమ్ నల్ల అబాయాలు, పిల్లల స్కూలు చొక్కాలు... ఎవరి భుజమెంతో, ఎవరి చెయ్యెంత పొడుగో ఆమె వేళ్ళనడిగితే చెబుతాయి. రాజోలు దగ్గర తన ఊళ్ళో ఉన్నవాళ్ళ కొలతలూ కంఠతా వచ్చు. మొగుడు గిరికి నలభై రెండు చొక్కా. అత్త గంగులమ్మకి నూలు చీరే కావాలి, జారే గుడ్డ తెస్తే వీధిలో పదిమందికీ చూపించి మరీ తిడుతుంది. కూతురు అనితకి చేతులు పొడుగు. ఇంత తెలిసిన మనిషికి తన కొలత మాత్రం తెలియదు. ఊరి నుంచి తెచ్చుకున్న ఆది జాకెట్టు ఎప్పుడో బిగుతైపోయింది. మేడమ్ ఇచ్చిన మెరూన్ యూనిఫాం గోనెసంచి లాంటిది, ఎవరికైనా పడుతుంది.

వచ్చే వారం సెలవు మీద ఇంటికి ప్రయాణం. ఈ శుక్రవారం బట్టలు కొనకపోతే ఇక కుదరదు. తోడుగా వచ్చేది పక్క విల్లాలో పనిచేసే రాబియా. రాయచోటి మనిషి, వయసులోనూ గల్ఫు అనుభవంలోనూ పెద్దది. బట్టలు కొనడమంటే రాబియాకి ఓ శాస్త్రం. ఆకలితో షాపుకి పోకూడదు, ఆకలి మీదున్నవాళ్ళకి ఏదైనా బాగానే కనిపిస్తుంది. తేలిగ్గా విప్పి తొడుక్కోగలిగిన బట్టలే వేసుకుని బయల్దేరాలి. ఇంట్లో ఏముందో చూసుకోకుండా కొత్తదాని మీద చెయ్యి వెయ్యకూడదు.

"బట్ట కొనేది షాపులో కాదు మే, ఇంట్లోనే. దేని మీదికి ఏది బాగుంటాదని ఈడనే అనుకోని పోవాల. ఆడికి పోయేది తెచ్చుకునేదానికే," అంటుంది.

రాబియా నేర్పిన పాఠం ఇంకొకటుంది. అది కొనడం గురించి కాదు, దిగడం గురించి. సెలవుకి పోయే ఆడది చేతిసంచిలో అన్నిటికన్నా పైన ఒక పాత చీర పెట్టుకోవాలి. విమానం ఏ బట్టల్లో ఎక్కినా, దిగేముందు బాత్రూంలోకి పోయి ఆ చీర కట్టుకుని, మొహాన పౌడరు కడిగేసుకుని బయటికి రావాలి. గల్ఫు నుంచి మగాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, సెంటు కొట్టుకుని దిగితే దర్జా. ఆడది కాస్త మంచి బట్టలో దిగితే, అదెవరిచ్చారన్నదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్న దెబ్బ కృష్ణకుమారి తిన్నదే. కిందటి సెలవుకి మేడమ్ ఇచ్చిన గులాబీరంగు డ్రెస్సు వేసుకుని హైదరాబాదులో దిగింది. ఎంత ముచ్చటపడి వేసుకుందో! గిరి పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. కారెక్కాక, డ్రైవరూ కూతురూ వింటుండగా అడిగాడు, "ఎవడు కొనిపెట్టాడే?" అని. ఇంటికెళ్ళాక గంగులమ్మ ఇంకాస్త మెత్తగా అంది. "అక్కడ అంట్లు తోముకునేదానివి, నిన్ను చూసేదెవరని ఈ సోకులే అమ్మా?" వారం తిరక్కుండా ఆ డ్రెస్సు ఆడపడుచు ఒంటి మీదికెళ్ళింది. ఆవిడ మీద మాత్రం అందరికీ బాగానే ఉంది. ఇంటి స్లాబు, అనిత కాలేజీ చదువు, గిరి తిరిగే బండి ఎవరి రెక్కల కష్టమో ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. తనకే గుర్తు రాలేదు, ఇక వాళ్ళననేదేముంది. ఏ తప్పూ చెయ్యకుండానే తప్పు చేసినదానిలా సెలవంతా తలొంచుకుని తిరిగింది. అప్పట్నుంచీ అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడినా దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నపు జుమా నమాజు అయ్యి షాపులు తెరిచే వేళకి ఇద్దరూ కడుపునిండా తిని ఫరీజ్ బిన్ మహమూద్ బజారులో బస్సు దిగారు. షాపులో వీడియో కాల్ పెట్టక తప్పదు, అది గిరి పెట్టిన పద్ధతి. అతను ఊళ్ళో మంచం మీద కూర్చునే చొక్కాలు ఏరుకున్నాడు. "ఆ గళ్ళది కాదే, దాని పక్కది. కాలరు దగ్గరగా చూపించు." గంగులమ్మ చీర అంచు చూపించమంది, కొంగు చూపించమంది, మళ్ళీ అంచు చూపించమంది. అనితకి కృష్ణకుమారే రెండు టాప్‌లు తీసింది. నీకేం కొనుక్కుంటున్నావని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఆమె ఎదురుచూడనూ లేదు. కాల్ అయిపోయింది.

"ఇంగ నీకో?" అంది రాబియా.

"నాకెందుకక్కా, ఎలాగూ దిగేటప్పటి చీర ఉంది కదా."

రాబియా వినిపించుకోలేదు. హ్యాంగర్ల మధ్యలోంచి ఒక కుర్తా లాగి ఆమె మెడ కింద పెట్టి చూసింది. నెమలికంఠం రంగు, చేతుల దగ్గర సన్నటి దారప్పని. "సైజ్ క్యా హై?" అంది షాపులో అమ్మాయి. "ఫార్టీ టూ" అనేసింది కృష్ణకుమారి. నోటికి అలవాటైన కొలత, గిరిది. ఆ అమ్మాయి ఆమెని ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వి, రెండు సైజులు తక్కువది తెచ్చిచ్చింది.

అది అతికినట్టు సరిపోయింది. చిన్న గది, ఎదురుగా నిలువుటద్దం. అందులో ఉన్నది నడుమున్న మనిషి, భుజాలున్న మనిషి, యూనిఫాంలో ఎక్కడికో పోయిన మెడ ఉన్న మనిషి. వెనక్కి తిరిగి భుజం మీదుగా చూసుకుంది. చేతులెత్తి చూసుకుంది. కావాలనిపించింది. ఎవరి కోసమూ కాదు, ఊరికే కావాలనిపించింది. అలా అనిపించినందుకు ఆ వెంటనే సిగ్గేసింది కూడా.

కుర్తా భుజాన వేసుకుని కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మళ్ళీ మోగింది. ఆడపడుచు మొగుడికి కూడా ఓ చొక్కా కావాలట. గిరి కళ్ళు ఆమె భుజం మీద ఆగాయి.

"ఏంటే అది?"

"అనితకండీ," అంది. అనుకుని అన్నది కాదు, నోట్లోంచి అదే జారిపోయింది.

"అంత పెద్దదా?"

అనిత మొహం తండ్రి పక్కనుంచి తొంగిచూసింది. ఒక్క క్షణం తల్లినీ, తల్లి భుజం మీది కుర్తానీ చూసింది. "అవును నాన్నా, నాకే. లూజుగా ఉండేది తెమ్మని నేనే చెప్పాను," అంది కనురెప్ప వాల్చకుండా.

విల్లాకి తిరిగొచ్చేసరికి ఇంటివాళ్ళంతా తుమామాలో ఉన్న పిల్లల నానమ్మగారింటికి వెళ్ళిపోయారు. వంటింటి వెనకున్న తన గదిలో కృష్ణకుమారి తలుపేసుకుని కుర్తా తొడుక్కుంది. కింద యూనిఫాం ప్యాంటు వేసి చూసింది, మెరూన్ కొట్టొచ్చినట్టుంది. పాత నల్ల లెగ్గింగ్ వేసింది, అది బాగుంది. చున్నీ లేక మెడ బోసిగా ఉంది. దేని మీదికి ఏదో ఇంట్లోనే చూసుకోమన్న రాబియా మాట గుర్తొచ్చి, ఉన్న నాలుగు గుడ్డలూ భుజాన వేసి తీసింది. ఇంత చేస్తున్నా లోపల ముల్లు గుచ్చుతూనే ఉంది. కూతురి పేరు చెప్పి కొనుక్కున్నాను. పిల్ల నోటిని వాడుకున్నాను. ఇచ్చేస్తే పోతుంది, దానికే ఇచ్చేస్తే పోతుంది.

అప్పుడు అనిత దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, అది నీకోసమే తీసుకున్నావని నాకు తెలుసులే. భయపడకు, నాన్నకి డౌటు రాలేదు. వచ్చాక నా బట్టల్లో పెట్టేద్దాం. నాన్న ఊళ్ళో లేనప్పుడు వేసుకుందువుగాని. నేనూ అంతే కదా. నా జీన్స్ ప్యాంటు నా ఫ్రెండ్ పుష్ప వాళ్ళింట్లో పెట్టుకున్నా. కాలేజీకి వెళ్ళేప్పుడు అక్కడ మార్చుకుంటా, వచ్చేప్పుడు మళ్ళీ మార్చేసుకుంటా. నువ్వు ఫ్లైట్‌లో చీరలోకి మార్చుకుంటానని మొన్న చెప్పావు చూడు, అలాగే. ఏం పర్లేదమ్మా, అలవాటైపోతుంది."

కృష్ణకుమారి మంచం మీద కూర్చుంది. మళ్ళీ ఒకసారి విన్నది. పిల్ల గొంతులో బాధ లేదు. అదే తట్టుకోలేకపోయింది. తల్లికి ధైర్యం చెప్పేంత పెద్దదైపోయింది, అలవాటైపోతుందని చెప్పేంత పెద్దదైపోయింది. ఆ కారులో ఎవడు కొనిపెట్టాడే అన్నప్పుడు వెనక సీట్లో కూర్చుని విన్నది ఈ పిల్లే. తను తలొంచుకోవడం చూసిందీ ఈ పిల్లే. కుర్తా కొనడంలో కాదు, అబద్ధమాడడంలోనూ కాదు, అసలు తప్పు ఆ తలొంచుకోవడంలో ఉంది. ఏమీ నేర్పకుండా ఇన్నేళ్ళు దూరంగా ఉన్నాననుకుంది. దూరం నుంచే ఎంత చక్కగా నేర్పేసింది! కళ్ళలోంచి నీళ్ళు జారి కొత్త కుర్తా మీద పడ్డాయి. వాటిని తుడుచుకోవడానికి చేతికందింది చేతిసంచిలో పైనున్న ఆ పాత చీరే.

పసుపుపచ్చ నూలు చీర. ఒళ్ళంతా వెలిసిపోయింది గాని, అంచు ఇంకా గట్టిగానే ఉంది. తుడుచుకున్న చెంగు అలాగే భుజం మీద ఉండిపోయింది. గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంది. నెమలికంఠం మీద పసుపుపచ్చ. ఇంతసేపూ ఇదెందుకు తట్టలేదో!

ఇస్త్రీ గదిలోంచి కత్తెర తెచ్చింది. కొంగు వైపు నుంచి చున్నీకి కావలసినంత కొలిచి, అడ్డంగా ఒక్క పెట్టున కత్తిరించేసింది. మిగిలింది ఇక కట్టుకోవడానికి చాలదు. చున్నీ అంచులు మడిచి కుట్టుకుంది, వేసుకుంది, ఫోటో తీసుకుని గిరికి పంపింది. కింద నిదానంగా టైపు చేసింది. 'ఇది అనితకి కాదండీ, నాకే. నా జీతంతో నేనే కొనుక్కున్నాను. దీంట్లోనే దిగుతాను.'

మెసేజ్ కింద నీలం టిక్కులు పడ్డాయి. చదివాడు. జవాబు కోసం ఆగకుండా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని కూతురికి మెసేజ్ చెప్పింది.

"అనితా, మీ నాన్నకి నేనే చెప్పేశానమ్మా. నువ్వింక నాకోసం అబద్ధమాడకు. నన్ను తీసుకెళ్ళడానికి ఎయిర్‌పోర్టుకి వస్తావు కదా, పుష్ప వాళ్ళింట్లో ఉన్న నీ ప్యాంటు ఇంటికి తెచ్చుకుని, అది వేసుకునే రా."