కాగితం పూలకి నీళ్ళెవరు పోశారు?

ముందుగా మీ దగ్గర ఒకటి ఒప్పుకోవాలి. కాగితం పూల మొక్కకి కనిపించే ఆ గులాబిరంగు రేకులు పూలు కావనీ, రంగు తిరిగిన ఆకులనీ, అసలు పువ్వు వాటి మధ్యలో బియ్యపుగింజంత తెల్లగా నక్కి ఉంటుందనీ ఈ కథ రాస్తున్న మనిషికి మొన్నమొన్నటి దాకా తెలీదు. కాబట్టి ఇంజనీరమ్మని చూసి నవ్వే హక్కు లేదు. అయినా నవ్వుదాం.

ఇంజనీరమ్మ అంటే టైలరమ్మ మేనకోడలు. ఆ వీధిలో వరసగా టైలర్ కొట్లే, అన్నిటికీ అదే నీలం షట్టరు. టైలరమ్మ కొట్టుకి గుర్తల్లా గుమ్మానికి అటొకటీ ఇటొకటీ ఉన్న రెండు కాగితం పూల కుండీలు. "పూలున్న కొట్టు" అంటే ఎవరైనా చూపించేవారు. బోర్డుని ఎవరూ చదివిన పాపాన పోలేదు.

ఒకరోజు టైలరమ్మ వాపోయింది. "పని తెమలక వీటికి నీళ్ళు పోయడం మర్చిపోతున్నానే. నోరులేనివి పాపం. ఆకులు వేలాడేసుకుని నన్నే చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది."

"అంతేనా అత్తా!" అంది ఇంజనీరమ్మ. ఒక చిన్న మోటారు, సన్న గొట్టాలు, మట్టిలో తడి కనిపెట్టే సెన్సరు ఒకటి తెచ్చింది. సెన్సరు కుడి కుండీలో గుచ్చింది. దాని మట్టి కాస్త ఆరితే చాలు, రెండు కుండీలకీ నీళ్ళు.

మొక్కలు ఏపుగా పెరిగాయి. కొమ్మలు గుమ్మంలోకి చేతులు చాచాయి. ముళ్ళు వచ్చేపోయేవాళ్ళ బట్టలు పట్టుకు లాగాయి. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

"బాగుందమ్మా," అన్నాడు కటింగ్ మాస్టరు, కత్తెర ఆపకుండా. "గుమ్మంలో చింపుతాం, లోపల కుడతాం. బేరం పోయే మాటే లేదు." అని, కుడి మొక్క ముళ్ళ గోల పడలేక జనం కూర్చునే బల్లని ఎడమపక్కకి జరిపాడు.

బేరాలు పోనే పోయాయి. ఏళ్ళ తరబడి వస్తున్న ఒకావిడ పూల కోసం వెతికి, కనపడక, పక్క కొట్లో కొలతలిచ్చేసింది. "మీరు కొట్టెత్తేశారేమో అనుకున్నానండీ!" అని ఆవిడ నొచ్చుకుంటుంటే, టైలరమ్మ పళ్ళ మధ్యనున్న గుండుసూది తీసి మరీ నవ్వింది. ఆవిడ వెళ్ళగానే నవ్వు కూడా తీసేసింది.

"ఆదివారం వీటిని పీకించేసి ప్లాస్టిక్ పూలు కట్టిస్తా."

"అత్తా, కాస్త ఆగు. తప్పెక్కడుందో కనిపెడతా."

"కనిపెట్టు తల్లీ. ఆదివారం దాకా."

ఇంజనీరమ్మకి నిద్రాహారాలు గుర్తులేవు. ఎండ చూసింది, పొద్దున్నుంచీ మొహమ్మీదే. పురుగు లేదు. ఎరువు అతిగా పడలేదు. ఫోన్లో తడి లెక్క చూస్తే గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. అంత చక్కటి గీతని చూసి మురిసిపోయిందే గానీ, అనుమానించాలని మాత్రం తోచలేదు.

శనివారం కొమ్మలు కత్తిరిద్దామని ఎడమ కుండీ దగ్గర కూర్చుంది. ఆకులన్నీ వాడి వేలాడుతున్నాయి. మాస్టరు జరిపిన బల్ల కాలు సరిగ్గా గొట్టం మీద కూర్చుంది. సెన్సరు ఉన్నది కుడి కుండీలో, దీని గోడు దానికేం తెలుసు! బల్ల ఎత్తబోయి, ఠక్కున ఆగింది.

కొమ్మ చివర్లలో గులాబిరంగు.

ఎడమ కుండీలో వేలు గుచ్చింది, అటుకుల్లా పొడి. కుడి కుండీలో గుచ్చింది, వేలు అడుసయింది.

"అత్తా! ఇదివరకు ఇవి ఎప్పుడు విరగబూసేవి?"

"బడి యూనిఫారాల రోజుల్లో. మెడ తిప్పే తీరికుండేది కాదు, అప్పుడే పూసేవి మాయదారివి."

"మరి నీళ్ళు?"

"చెప్పాగదే, మర్చిపోయేదాన్ని..." మిషను ఆగింది. టైలరమ్మ కళ్ళజోడు మీదనుంచి చూసింది. "ఏమంటావే నువ్వు?"

"నువ్వు మర్చిపోతేనే పూశాయి. నేను గుర్తుపెట్టుకుని చెడగొట్టాను. దాహమేస్తే పూస్తుందత్తా ఇది. కడుపు నిండితే ఆకులేసుకుంటూ కూర్చుంటుంది."

"మా బావమరిదీ అంతే," అన్నాడు మాస్టరు.

టైలరమ్మ లేచొచ్చి ఆ చివుళ్ళని వేలితో తాకింది. "ఇన్నాళ్ళూ పాపం చేస్తున్నానని కుమిలిపోయానే!" అంది. ఆదివారం ప్లాస్టిక్ పూలు వచ్చాయి గానీ, కుడి మొక్క తేరుకునే దాకా దాని మీద అరువు నగల్లా వేలాడాయి. పీకడం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంజనీరమ్మ రెండో కుండీకీ సెన్సరు పెట్టి, ప్రోగ్రాం తిరగరాసింది. మట్టి లోపలి దాకా ఆరేవరకూ చూడు, అప్పుడు కడుపునిండా పొయ్యి, మళ్ళీ మర్చిపో. దానికి "అత్తయ్య" అని పేరు పెట్టింది.

"నా మతిమరుపుకి నా పేరేనా!" అని టైలరమ్మ మొట్టికాయ వేసింది. అయితే ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పింది. పూలు చూసి వచ్చినవాళ్ళే అందరూ.

మరి మీ ఇంట్లో? అతిగా పట్టించుకుంటే అలిగి, వదిలేస్తే విరగబూసింది ఏముంది? మొక్కే కానక్కర్లేదు, మొగుడైనా సరే. రాసి పంపండి, మాస్టరు బావమరిదికి తోడుంటుంది.