గుప్పెడు గోధుమపిండి

నేను ఒక జల్లెడను. అనకాపల్లిలో నూకరత్నం గారి వంటింట్లో, పొయ్యి గట్టు పక్కన మేకుకి వేలాడుతుంటాను. మొన్నటిదాకా రోజూ పొద్దున్న పదకొండింటికి, ఎవరూ ముట్టుకోకుండానే, టంగ్ మని ఒక్కసారి మోగేదాన్ని. గాలికనుకునేరు, కిటికీ మూసి ఉన్నా మోగేదాన్ని. అందులో నా గొప్పేం లేదు. మోగించే మనిషి పోయి ఏడాదయింది.

నా పుట్టుక చెప్పుకోదగ్గదేం కాదు. ఖాళీ నూనె డబ్బా రేకుని ఒకాయన గుండ్రంగా వంచి, అడుగున సన్నటి తీగ వల బిగించాడు. ఆ డబ్బా మీది కొబ్బరిచెట్టు బొమ్మ ఇప్పటికీ నా లోపలివైపు సగం కనిపిస్తుంది. మిగతా సగం ఏ జల్లెడకి పోయిందో! నూకాలమ్మ జాతరలో నన్ను కొన్నది రత్నం గారి అత్తగారు. ఆ మహాతల్లి చేతిలో ఇరవై ఏళ్లు అరిసెల పిండి దింపాను. ఆవిడ పోయాక కోడలి చేతికొచ్చాను.

ఇంటాయన పైడిరాజు గారు బెల్లం మార్కెట్లో రుచి చూసే మనిషి. దిమ్మ అంచు గిల్లి నాలిక మీద వేసుకుని, అది ఏ ఊరి బెల్లమో, పాకం ఎంతసేపు కాగిందో చెప్పేసేవారు. ముప్పై ఏళ్లు అదే పని. షుగరు రాక ఏమవుతుంది చెప్పండి! తెల్లారే మార్కెట్టుకి పోయి పదకొండింటికి తిండికొచ్చేవారు. వస్తూనే ఉంగరం వేలితో నా అంచు మీద టంగ్ మని కొట్టి, "ఏటే రత్నం, రొట్టె అయిందా?" అనేవారు.

షుగరు మూడొందలు దాటాక కూతురు సునంద విశాఖ నుంచి రెండు సంచుల బాదంపప్పు మోసుకొచ్చింది. "అమ్మా, ఇకనించి నాన్నకి అన్నం వద్దు, గోధుమ రొట్టె కూడా వద్దు. బాదంపిండి రొట్టె, కాఫీలోకి బాదం పాలు. మూణ్ణెల్లు చూద్దాం" అంది. డాక్టరూ సరేనన్నాడు, మాత్రలు మాత్రం మానొద్దన్నాడు.

అక్కణ్ణించి నాకు తీరిక లేదు. నానబెట్టి, తొక్క తీసి, ఎండబెట్టిన పప్పుని మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. కాస్త ఎక్కువ తిప్పారో, నూనె దిగి ముద్దయిపోతుంది. నాలోంచి దిగింది పిండి, నా మీద మిగిలింది మళ్లీ మిక్సీలోకి. గుడ్డలో పిండిన బాదం పాలు వేడి డికాషన్లో పోస్తే విరిగి తరకలు తేలేవి. రత్నం గారు మొహం చిట్లించినా, ఆయన ఆ కాఫీ ఊదుకుని తాగేవారు.

చిక్కంతా రొట్టె దగ్గరొచ్చింది. బాదంపిండికి జిగురుండదు. ఎంత జాగ్రత్తగా తట్టినా, పెనం మీద తిరగేసేసరికి నాలుగు ముక్కలు. ఆయన నవ్వి చెంచాతో తిన్నారు. ఆవిడ మాత్రం ఏడ్చింది. ఈ ఇంట్లో విరిగిన రొట్టె మగాడి కంచంలో వేసినవాళ్లు లేరట! అత్తగారు నేర్పిన పాఠం.

మర్నాడు ఆవిడ గోధుమపిండి డబ్బా మూత తీసింది. గుప్పెడు నాలో వేసి, బాదంపిండితో కలిపి జల్లించింది. రాయినీ నూకనీ పురుగునీ ఆపడం నాకొచ్చు. బాదంలోంచి గోధుమని ఆపడం నాకు రాదు. రెండూ మెత్తగా దిగిపోయాయి. రొట్టె గుండ్రంగా, పగుల్లేకుండా వచ్చింది. గుప్పెడేగా అనుకుంది. నెల తిరిగేసరికి పిండంతా గోధుమే, గుప్పెడయింది బాదమే.

క్యాలెండరు మీద ఆయన రాసుకునే షుగరు అంకె దిగలేదు. పైగా తిండితోనే తగ్గిపోద్దని మాత్రలు మానేశారు. చెప్పు కరిచిన కాలివేలు పుండయింది. వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, ఆ తర్వాత మనిషే లేకుండా పోయారు.

కర్మలన్నీ అయి బంధువులు వెళ్లిన మర్నాడు, పదకొండింటికి నేను మొదటిసారి మోగాను. ఆవిడ చేతిలో గరిటె జారిపోయింది. "అయిపోతోందండీ" అంది అలవాటుగా. వెంటనే కొంగుతో నోరు నొక్కుకుంది. అప్పట్నుంచి రోజూ అంతే. నేను మోగడం, ఆవిడ గోధుమపిండి డబ్బా వైపు చూసి మొహం తిప్పుకోవడం.

నిన్న సంవత్సరీకం. "నాన్నకిష్టమని బూరెలు వండుదామమ్మా" అంది సునంద. తల్లి వినలేదు, ముందే నానబెట్టి ఎండబెట్టిన బాదం మిక్సీలో వేసింది. జల్లిస్తూ జల్లిస్తూ ఉన్నట్టుండి చేతులాపేసింది.

"మీ నాన్నని నేనే చంపేసేనే. రొట్టె విరక్కూడదని రోజూ గోధుమపిండి కలిపేను."

సునంద తల్లి చేతుల్లోంచి నన్ను తీసి గట్టు మీద పెట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఏ ఊరి బెల్లమో నాలికతో చెప్పే మనిషమ్మా నాన్న. గోధుమ రుచి తెలీకుండానే తిన్నారంటావా?" అంది.

ఆయనకి తెలుసు. నేను చూశాను. కలపడం మొదలెట్టిన నాలుగో రోజే, ఆవిడ పెరట్లో ఉండగా, నాలోంచి చిటికెడు పిండి తీసి నాలిక మీద వేసుకున్నారు. గోధుమ డబ్బా మూత సరిగ్గా పడలేదని నొక్కి పెట్టారు. ఆ తర్వాత నా అంచు మీద కొట్టి, "రొట్టె అయిందా?" అని కేకేశారు. ఎందుకూరుకున్నారో నాకు తెలీదు. గోధుమ రొట్టె మీది ఆశో, ఆవిడ మీది జాలో! నోరుంటే ఆ రోజే చెప్పేద్దును.

"తెలిసీ తిన్నారా?" అంటూ ఆవిడ గట్టుకి చేరగిలబడింది. "మరి నాతో ఒక్క మాటనలేదేటండీ?" అని నన్నే అడిగింది.

లేచి రొట్టె చేసింది. నాలుగు ముక్కలయింది. ఆ ముక్కలే విస్తట్లో పెట్టి, "ఇవాళ ఏటీ కలపలేదండీ. నాలిక మీద వేసుకుని చూడండి" అంది. నన్ను కడిగి, తుడిచి, మేకుకి తగిలించి, ఎదురుగా పీట వేసుక్కూర్చుంది.

పదకొండయింది. నేను మోగలేదు. ఇవాళా మోగలేదు. ఆవిడ ఇంకా ఆ పీట మీదే కూర్చుని, ఒక్కసారి మోగమని నా వైపే చూస్తోంది.